నాలుగు గాలాలు, ఒక పెళ్ళికొడుకు

కొల్లేట్లో తుమ్మలంక అని ఒక చిన్న ఊరు. ఆ ఊళ్ళో బాతులు మేపుకునే నలుగురు అన్నదమ్ములు ఉండేవాళ్ళు. పెద్దవాడు పెద్దిరాజు, తర్వాత కోటయ్య, ముత్యాలు, ఆఖరివాడు బుల్లెబ్బాయి. పేరు చూసి పిల్లాడనుకునేరు, వాడికీ ముప్పై దాటాయి. తెలివిలో తమను మించినవాళ్ళు కొల్లేటి చుట్టుపక్కల ఎక్కడా లేరని నలుగురికీ గట్టి నమ్మకం.

"ఊళ్ళోవాళ్ళకి ఒకటి చెబితే ఇంకోటి చేస్తారు. మనం చెప్పింది చెప్పినట్టు చేస్తాం. తెలివంటే అదే గదా!" అనేవాడు పెద్దిరాజు. బాతులన్నీ తలలూపేవి. బాతులు దేనికైనా తలూపుతాయనుకోండి, అది వేరే సంగతి.

ఇంత తెలివి ఉండీ పెద్దిరాజుకు పెళ్ళి కాలేదు. పది సంబంధాలు వచ్చినట్టే వచ్చి పోయాయి. పదకొండోది రేవు పక్కన ఉండే గోవిందయ్య కూతురు మంగతాయి. పెద్దిరాజు ఆ పిల్లను ఒక్కసారి చూశాడు, అంతే, ఆ రోజు నుంచి బాతుల్ని లెక్కపెట్టడం మానేశాడు. అయితే గోవిందయ్య చేపల వేటలో తలపండినవాడు. బాతులవాళ్ళకు పిల్లనివ్వడమంటే ఆయనకు మనసొప్పలేదు.

"మధ్యాహ్నం కైకలూరు నుంచి ఇంకో సంబంధంవాళ్ళు వస్తున్నారు. ఈలోపు ఈ కొల్లేట్లో ఒక్క కొర్రమీను ఎవరు పట్టి చూపిస్తే వాళ్ళకే మా అమ్మాయి. నా పడవ తీసుకెళ్ళండి" అన్నాడు.

"ఎలా పట్టాలో చెప్పండి మావయ్యగారూ, చెప్పింది చెప్పినట్టు చేస్తాం" అన్నాడు పెద్దిరాజు.

పాపం, గోవిందయ్యకు ఆ మాటలో ఉన్న ప్రమాదం తెలియదు. ఓపిగ్గా చెప్పాడు. "పడవ నడుస్తుంటే నాలుగు గాలాలూ వెంట ఈడ్చుకుంటూ పోవాలి. తాళ్ళు ఒకదానికొకటి తగలకూడదు. తాడు చివర మెరిసే రేకు బిళ్ళ ఉంటుంది, చేప దాన్ని చూసి వస్తుంది. ప్రతి తాడుకీ ఒక చిన్న గంట కట్టాను. గంట మోగిందా, చేప పడ్డట్టు. వెంటనే మిగతా మూడు తాళ్ళూ పైకి లాగెయ్యాలి, లేకపోతే చిక్కుపడిపోతాయి. చేప తాడుకి ఉండగా పడవ ఆపకూడదు. అది అలిసిపోయేదాకా లాగకూడదు. తెలిసిందా?"

"ఓ!" అన్నారు నలుగురూ.

పడవ కదిలింది. కుడిపక్కన ఒక గాలం, ఎడంపక్కన ఒకటి వేశారు. వెనకాల పెద్దిరాజు తన గాలం వేశాడు. నాలుగోది కోటయ్య చేతిలో ఉంది.

"ఇదీ వెనకే వేస్తే రెండూ తగులుకోవూ? తగలకూడదన్నాడు గదా" అన్నాడు కోటయ్య. కాసేపు బుర్ర గోక్కుని, ముందుకు విసిరాడు. పడవ దాని మీద నుంచే వెళ్ళింది. గంట గణగణ మోగింది.

"పడింది! పడింది!"

ఇంకేముంది, మిగతా మూడు తాళ్ళూ లాగేశారు. కోటయ్య తాడు పట్టుకుని చూశాడు. గట్టిగా ఉంది.

"ఒరే ముత్యాలూ, ఇది మామూలు చేప కాదురా. పడవంత ఉంది!"

"ఎటు పోతోందన్నయ్యా?"

"మనం ఎటు పోతే అటే వస్తోంది. మంచి చేప."

తెడ్లు వేశారు, వేశారు. ఆ చేప ఎంతసేపటికీ అలిసిపోదే! వీళ్ళే అలిసిపోయారు. చివరికి బుల్లెబ్బాయి వంగి చూస్తే, గాలం పడవ అడుగు చెక్కకే గుచ్చుకుని ఉంది. అంటే వాళ్ళు పట్టింది గోవిందయ్య పడవనే.

"ఇదీ పెద్దదే గానీ, కొర్రమీను కాదు" అని పెద్దిరాజు నిట్టూర్చాడు.

మళ్ళీ గాలాలు వేశారు. ఈసారి బుల్లెబ్బాయికి జాలి పుట్టింది. "ఇంత దూరం వచ్చే చేపకి రేకు ముక్క పెడతామా అన్నయ్యా? మనకి మర్యాద ఉండొద్దూ?" అని, నలుగురికీ తెచ్చుకున్న చద్దన్నం, ఆవకాయ ఉన్న టిఫిను క్యారేజీని గాలానికి తగిలించి నీళ్ళలోకి వదిలాడు. అది బుడుంగుమని మునిగింది, అంతే. కాసేపయ్యాక లాగితే కొక్కెం ఒక్కటే వచ్చింది.

"మొత్తం తినేసిందిరా, గిన్నెలతో సహా! ఎంత ఆకలితో ఉందో పాపం" అన్నాడు ముత్యాలు. ఆకలితో ఉన్నది తామేనని వాళ్ళకు ఇంకా తట్టలేదు.

ఇంతలో గట్టు మీద పుల్లైసు బండివాడు వచ్చి గంట వాయించాడు. గంట మోగింది గదా! కానీ ఏ తాడుకి పడిందో తెలియలేదు. అందుకని నాలుగూ లాగేశారు. ఏమీ లేదు. మళ్ళీ వేశారు. వాడు మళ్ళీ వాయించాడు. మళ్ళీ లాగారు. అలా ఏడుసార్లు. ఐసంతా అమ్ముకుని వాడు వెళ్ళిపోయేసరికి వీళ్ళ చేతులు బొబ్బలెక్కాయి, పొద్దు నడినెత్తికొచ్చింది. రేవులో మంగతాయి గంప పట్టుకుని నిలబడి అంతా చూస్తోంది. పెద్దిరాజుకు ఏడుపొచ్చినంత పనయింది.

సరిగ్గా అప్పుడే అతని తాడు గంట మోగింది. నీళ్ళు ఒక్కసారి తెల్లగా చిమ్మాయి. నిజం చేప! మంచి కొర్రమీను!

చకచకా మిగతా మూడు తాళ్ళూ లాగేశారు. పడవ ఆపలేదు. రేవు ముందు నుంచే గుండ్రంగా తిప్పుతున్నారు. గట్టు మీద గోవిందయ్య గంతులేస్తున్నాడు. "లాగండ్రా! లాగండి!"

"అలిసిపోయేదాకా లాగకూడదన్నారు గదా మావయ్యగారూ! ఉండండి, అడుగుతాం" అని పెద్దిరాజు వెనక్కి వంగి, ఎంతో మర్యాదగా, "ఏమ్మా, అలిసిపోయావా?" అన్నాడు.

చేప పలకలేదు.

"ఇంకా లేదటండీ!"

ఇంకో చుట్టు. "అలిసిపోయావా తల్లీ?" మళ్ళీ మౌనం. ఇంకో చుట్టు. అలా పదమూడు చుట్లు తిప్పారు. చుట్టు చుట్టుకీ పెద్దిరాజు మంగతాయికి చెయ్యూపుతున్నాడు, చేపను పరామర్శిస్తున్నాడు. కైకలూరువాళ్ళు వచ్చి, ఈ తంతు కాసేపు చూసి, "వీళ్ళు మీ చుట్టాలా?" అని గోవిందయ్యను అడిగి, సమాధానం వినకుండానే వచ్చిన దారినే పోయారు.

పద్నాలుగో చుట్టుకు మంగతాయి విసుగెత్తి నడుంలోతు నీళ్ళలోకి దిగింది. చేప తన ముందుకు రాగానే గంపతో ఎత్తి, కొక్కెం ఊడదీసేసింది. ఇక తాడుకి చేప లేదు కాబట్టి పడవను గట్టు పక్కకు తెచ్చి ఆపారు, మంగతాయీ గట్టెక్కింది.

గోవిందయ్య మొహం తుడుచుకుని, "సరేలే, ఎలాగో ఒకలా చేప దొరికింది. మాటంటే మాటే. పిల్లనిస్తాను" అన్నాడు.

పెద్దిరాజు భోరుమన్నాడు. "ఎలా ఇస్తారండీ? పట్టినవాళ్ళకే ఇస్తానన్నారు. పట్టింది మంగతాయి. న్యాయం ప్రకారం మంగతాయిని మంగతాయికే ఇచ్చి చెయ్యాలి. మేం వచ్చి నాలుగు అక్షింతలు వేసిపోతాం."

తమ్ముళ్ళు ముగ్గురూ కళ్ళు తుడుచుకుంటూ ఔనన్నారు. గోవిందయ్య నెత్తి పట్టుకున్నాడు. మంగతాయి మాత్రం నవ్వాపుకోలేకపోయింది.

"నాన్నా, నేనీయన్నే చేసుకుంటాను" అంది. "మనింట్లో పొద్దున లేస్తే రాత్రిదాకా చాకిరీ చేస్తాను. అలిసిపోయావా అని ఇన్నేళ్ళలో నన్నెవరైనా అడిగారా? ఈయన చేపని కూడా అడిగాడు."

గోవిందయ్య తల దించుకున్నాడు. మంగతాయి పెద్దిరాజు గాలం తాడు తీసి, అతని నడుముకు ఒక చుట్టు చుట్టి ముడేసి, గంట మోగించింది. "ఇదిగో, నువ్వు నాకు పడ్డావు. వెళ్ళి ముహూర్తం పెట్టించుకో."

పెద్దిరాజు ఆనందానికి హద్దులేదు. కానీ గంట మోగింది గదా!

"పడింది!" అని అరిచాడు కోటయ్య. ముత్యాలూ బుల్లెబ్బాయీ మిగతా తాళ్ళు సర్దేశారు. తాడుకి పడినవాడు పడవలో ఉంటే బాగుండదని పెద్దిరాజు దభీమని నీళ్ళలోకి దూకాడు. తమ్ముళ్ళు పడవ ఆపకుండా, మెల్లగా, రేవు ముందు గుండ్రంగా తిప్పడం మొదలెట్టారు.

"పెద్దన్నయ్యా, అలిసిపోయావా?" అని అడిగాడు బుల్లెబ్బాయి.

పెద్దిరాజు నోరు గట్టిగా మూసుకున్నాడు. చేప మాట్లాడదు గదా.

"ఇంకా లేదట!" అన్నారు తమ్ముళ్ళు, తెడ్లు గట్టిగా వేస్తూ.

మంగతాయి కొంగు నడుముకు దోపుకుని, గంపలో చేపను నాన్న చేతిలో పెట్టి, ఖాళీ గంపతో మళ్ళీ నీళ్ళలోకి దిగింది.