శంకుభట్టు తలపాగా లెక్క

మణిగుండం రాజు భూపతిదేవుడికి లెక్కలంటే తలనొప్పి. అందుకే ఆస్థాన గణకుడు శంకుభట్టు ఏం చెప్పినా తలాడించేవాడు. పైగా ఒక శాసనం వేయించాడు: గణకుడి లెక్క తప్పన్నవాడు నిండుసభలో నిరూపించాలి, లేదంటే రాజ్యం విడిచి పోవాలి. దాంతో రాజుగారి తలనొప్పి తగ్గి, జనానికి పట్టుకుంది.

కరువు ఏడాది మావటీల బియ్యంలో నాలుగో వంతు కోశారు. మళ్లీ వానలు పడ్డాయి. "మునుపటంతే ఇవ్వండి" అన్నాడు రాజు.

"నాలుగో వంతు తీశాం, నాలుగో వంతు కలుపుతాం. సరికి సరి!" అన్నాడు శంకుభట్టు, మీసం దువ్వుకుంటూ.

మర్నాడే ముసలి మావటి బొడ్డయ్య సభకొచ్చి మొత్తుకున్నాడు.

"మారాజా, మునుపు ఇంటికి పదహారు గిద్దలు కొలిచేవోరు. ఇప్పుడు పదిహేనే వస్తన్నాయి."

"అయితే నిరూపించు" అన్నాడు భట్టు.

బొడ్డయ్యకు ఏనుగు మనసు తెలుసు గాని వంతుల లెక్క తెలియదు. ముప్పై ఏళ్లు సాకిన ఏనుగును వదిలి పోవాలా అనుకోగానే పాపం కళ్లనీళ్లు తిరిగాయి.

రాజు పక్కన తమలపాకులు చుడుతున్న దాసి పేరిందేవి అది చూసి ఉండబట్టలేకపోయింది. వక్కలు కత్తిరించే అడకత్తెరతోనే లేచింది.

"భట్టుగారూ, మీ పట్టుపాగా ఎన్ని మూరలండీ?"

"పదహారు! అసలైన కాశీపట్టు!"

"అందులో నాలుగో వంతు కోస్తాను. మిగిలినదాంట్లో నాలుగో వంతు ఎంతో చూసి, అంత గుడ్డ తిరిగి అతికిస్తాను. సరికి సరేగా?"

"సరికి సరే!" అన్నాడు భట్టు, ఆడమనిషి మాటకేంలే అని.

"కానివ్వు" అన్నాడు రాజు.

పేరిందేవి పాగా విప్పించి, నాలుగు మూరలు కొలిచి, అక్కడ అడకత్తెర ఆనించింది. అప్పటికి గాని భట్టుకు బుర్ర పనిచేయలేదు. మిగిలేది పన్నెండు, అందులో నాలుగో వంతు... రెండు చేతులా పాగా పట్టుకుని గావుకేక పెట్టాడు.

"ఆగవే! నాలుగు మూరలు కోసి మూడే ఇస్తావా? పదిహేనే అవుతుంది!"

పేరిందేవి వినయంగా దణ్ణం పెట్టింది.

"బొడ్డయ్య మాట ఎంత బాగా నిరూపించారండీ!"

సభ గొల్లుమంది. రాజు పొట్ట పట్టుకుని నవ్వి, శాసనం రద్దు చేసి, మావటీలకు పదహారు గిద్దలూ కొలవమన్నాడు. తన వేలి ఉంగరం పేరిందేవికిచ్చాడు. పాగా బొడ్డయ్యకు ఇప్పించాడు, పదహారు మూరలూ కోయకుండా.