కొట్టి చూసే గవరయ్య

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో గవరయ్య అనే కుమ్మరి ఉండేవాడు. కుండని వేలితో కొట్టి చూసి మంచిచెడ్డలు చెప్పేసేవాడు. ఖంగుమంటే గట్టిది, దబ్బుమంటే బీటలు వారింది. అతని పెళ్ళాం సన్యాసమ్మ పుచ్చపాదులు పెట్టేవాళ్ళ ఆడపడుచు. ఆవిడా కొట్టే చూసేది. కాకపోతే పుచ్చకాయ దబ్బుమంటేనే పండు, ఖంగుమంటే పచ్చిది.

అప్పుడు వాళ్ళ కూతురు ముత్యాలుకి పెళ్ళీడు వచ్చింది.

"వాకబు చెయ్యడం ఎందుకే? పెళ్ళికొడుకు తల మీద ఒక్కటిస్తే తెలిసిపోదూ!" అన్నాడు గవరయ్య. పాపం, ముత్యాలు తల పట్టుకుంది. ఇలా అయితే తనకి పెళ్ళయినట్టే!

మొదటి పెళ్ళికొడుకు వచ్చాడు. తల ఖంగుమంది. గవరయ్య మురిసిపోయాడు. "పచ్చికాయ, వద్దు!" అంది సన్యాసమ్మ.

ఆ తర్వాత రెండోవాడు వచ్చాడు. తల దబ్బుమంది. సన్యాసమ్మ పొంగిపోయింది. "బీటకుండ, పంపించెయ్!" అన్నాడు గవరయ్య.

ఆ తర్వాత కొండలు అని మూడో అబ్బాయి వచ్చాడు. ఇటు నుంచి గవరయ్య, అటు నుంచి సన్యాసమ్మ టకటకా కొట్టారు. ఖంగుమందని ఒకరు, దబ్బుమందని ఒకరు, ఇల్లు ఎగిరిపోయేలా పోట్లాడుకున్నారు.

కొండలు తల తడుముకుంటూ ముత్యాలు వైపు చూశాడు. "రోజూ ఇంతేనా? మరి నీ తల బాగానే ఉందా?" అని అడిగాడు.

ముత్యాలు పకపకా నవ్వింది. అప్పుడు గబగబా వచ్చి తండ్రి తల మీద ఒక్కటిచ్చింది. దబ్బుమంది!

"నాన్నా, నువ్వూ బీటకుండవే! మరి అమ్మ నిన్నెలా చేసుకుంది? పండో కాదో అని కొట్టి చూసిందా?"

సన్యాసమ్మ సిగ్గుపడిపోయింది. "నేనెక్కడ కొట్టానే! పెళ్ళిచూపుల్లో అందరూ నా వంట గురించి అడిగితే, మీ నాన్న ఒక్కడే నువ్వు తిన్నావా అని అడిగాడు."

గవరయ్య కూతుర్ని చూశాడు, కొండలుని చూశాడు, చెయ్యి వెనక్కి పెట్టేసుకున్నాడు.

ఆ తర్వాత పెళ్ళి జరిగింది. తాళి కట్టే వేళకి గవరయ్య వేళ్ళు మళ్ళీ దురదపెట్టాయి. సన్యాసమ్మ ఆ చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది.

ఒసేయ్, కథ చెప్పే నా తలే కొట్టి చూస్తావేమిటే! చాల్లే, పడుకో.

కథేమో కంచికి,
కుండేమో పొయ్యికి,
కళ్ళేమో నిద్దరకి!