రాణి చేతిలో ఎండుమిరపకాయలు

శాసనాలు చదవడం నేర్పే సోమనాథం గారికి, ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. ఏదో ఒక పని పురమాయించేవారు. ఆ పనిలో జవాబు దొరికితే సరి, లేకపోతే మన ఖర్మ.

ఒకనాడు పాడుబడ్డ గుడిలో శాసనస్తంభానికి తడికాగితం అద్ది అచ్చు తీస్తున్నాం. నాతోపాటు చదువుకునే సారంగపాణి తలవంచుకుని అడిగాడు: "అబద్ధమని తెలిసీ ఆనందించేవాడు చరిత్ర చదవడానికి పనికొస్తాడా గురువుగారూ?"

అతని బాధ ఇది. భార్య నీలవేణితో కాకతీయుల కాలం నాటి కథ అని తీసిన ఒక సినిమాకి వెళ్ళాడు. అందులో రాణి, యుద్ధానికి పోయే కొడుక్కి ఉప్పూ ఎండుమిరపకాయలతో దిష్టి తీస్తుంది. హాలంతా కళ్ళు తుడుచుకుంటుంటే మనవాడు, "అప్పటికి మన దేశంలో మిరపకాయెక్కడిదే? తర్వాతెప్పుడో బుడతకీచులు, ఆ పోర్చుగీసువాళ్ళు తెచ్చారు!" అని గట్టిగా అన్నాడు. ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి నవ్వారు. నీలవేణి మళ్ళీ తెర వైపు చూడలేదు.

తీరా వారం తిరక్కుండా ఈ పండితుడే దొంగచాటుగా అదే సినిమాకి వెళ్ళి, అవే మిరపకాయలు చూసి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ సిగ్గు ఒక ఎత్తు, ఇంట్లో జరిగింది ఒక ఎత్తు. శాసనాల కోసం ఊళ్ళు పట్టుకు బయల్దేరినప్పుడల్లా అతనికీ అలాగే ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసి పంపే నీలవేణి, ఈసారి "జాగ్రత్త" అని మాత్రం అని లోపలికి వెళ్ళిపోయింది. ఎందుకని అడగడానికి అతనికి మొహం చెల్లలేదు.

గురువుగారు అంతా విని, "స్తంభానికి అటువైపు ఏముందో చదువు" అన్నారు.

సారంగపాణి చదివాడు. రాజుగారి గుర్రాల డెక్కల దుమ్ముకి సూర్యుడు కనబడలేదట, సముద్రాలు బురదగుంటలయ్యాయట. చదివేకొద్దీ గొంతు లేచింది, ఒళ్ళు పులకరించింది. చివరి పాదం ఎవరూ అడక్కుండానే రెండోసారి చదివాడు.

"సముద్రం బురదయిందంటావా?" అన్నారు గురువుగారు.

"అబ్బే, లేదండీ. ప్రశస్తి కదా, రాజుగారి పొగడ్త..." అని ఆగిపోయాడు.

"మరి నువ్వు చదువుతున్నంతసేపూ నేను అడ్డొచ్చానుటోయ్?"

సారంగపాణి సిగ్గుతో చితికిపోయాడు. కాగితం అంచు పట్టుకున్న నాకే అతని వంక చూడ్డానికి మనసొప్పలేదు. గురువుగారు మాత్రం ఏమీ ఎరగనట్టు కాగితం మీద కుంచెతో కొట్టుకుంటూ ఉండిపోయారు.

సాయంత్రం బస్సెక్కబోతుంటే అతన్ని వెనక్కి పిలిచారు.

"ఇంట్లో ఎండుమిరపకాయలు నిండుకున్నాయేమోనోయ్. వెళ్తూ వెళ్తూ కాసిని పట్టుకెళ్ళు."