గిజిగాడు కాని ప్రింటర్స్

మండపేట మెయిన్ రోడ్డులో ఫ్లెక్సీలూ పెళ్ళికార్డులూ వేసే తాతబ్బాయికి ఒకటే దిగులు. ఇంట్లో ఉన్నది ముగ్గురు, ముగ్గురికీ బుర్రలే. ఇంత తెలివి ఒక్క ఇంట్లోనే పోగుపడితే ఊళ్ళో మిగతావాళ్ళకి చాలదేమోనని అతని బాధ. తమ్ముడు కన్నబ్బాయి చినుకు పడితే చాలు, బుర్రలో ఉన్న సరుకు తడిసిపోతుందని నెత్తిన పళ్ళెం బోర్లించుకునేవాడు. తాతబ్బాయి భార్య పల్లాలమ్మ ఈ ఇద్దరికీ సలహాదారు. ఇక మీరే ఊహించుకోండి.

ఆ కొట్లో తెలుగు టైపు కొట్టడానికీ పేజీలు దిద్దడానికీ గిజిగాడు అనే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళు. ఎక్కడెక్కడి వాళ్ళో తలా ఓ చెయ్యి వేసి తయారుచేసి, జనానికి ఊరికే ఇచ్చిన సాఫ్ట్‌వేర్ అది. తెరవగానే పైన రాసి ఉంటుంది, ఇది అందరిదీ, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, నలుగురికీ ఇవ్వచ్చు అని. కన్నబ్బాయి దాన్ని మూడుసార్లు చదివి, అందరిదీ అంటే మనదీ అనే కదా అన్నయ్యా, మనదాని పేరు మనం పెట్టుకోకపోతే ఎవరు పెట్టుకుంటారన్నాడు. అంతే. కొట్టు కాస్తా కంపెనీ అయిపోయింది. గుమ్మం మీద పన్నెండడుగుల బోర్డు లేచింది: గిజిగాడు ప్రింటర్స్ ప్రైవేట్ లిమిటెడ్. పక్కన ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ళ పిట్టబొమ్మ కూడా ఎక్కి కూర్చుంది.

ఇంకేముంది, ఏ ఊళ్ళో గిజిగాడు మొరాయించినా జనం వీళ్ళకే ఫోన్ చేసేవారు. ఒత్తులు సరిగ్గా పడడం లేదని ఒకాయన మొరపెట్టుకుంటే పల్లాలమ్మ ఫోనెత్తి, బలంగా నొక్కండి బాబూ, మెత్తగా నొక్కితే ఏ ఒత్తు పడుతుంది అని చెప్పింది. ఆయన కీబోర్డు రెండు ముక్కలయింది.

ఈలోగా ఊరి హైస్కూలుకి డెబ్బై అయిదేళ్ళు నిండాయి. పాత విద్యార్థులంతా కలిసి పెద్ద పుస్తకం వెయ్యాలనుకున్నారు. తాతబ్బాయి పదో తరగతి మూడుసార్లు తప్పింది ఆ బళ్ళోనే. "నీకూ పుస్తకానికీ పడదురా" అని భానోజీరావు మాస్టారు అప్పట్లో అన్నమాట అతని గుండెలో ముల్లులా ఉండిపోయింది. ఇప్పుడు పుస్తకం కమిటీకి పెద్ద ఆయనే. ఆ పుస్తకం తన చేత్తో అచ్చేసి మాస్టారి చేతిలో పెట్టాలి. తాతబ్బాయికి ఈ జన్మకి అంతకంటే వేరే కోరిక లేదు.

మాస్టారు సరేనన్నంత పని చేశారు. సరిగ్గా ఆయన కొట్లో ఉండగానే గిజిగాడు తయారుచేసినవాళ్ళ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. సాఫ్ట్‌వేర్ అందరిదే గాని పేరూ బొమ్మా మా సంఘానివి, మీ కంపెనీ పేరులో వాటిని పెట్టుకుంటే జనం మీరే మేమనుకుంటున్నారు, పది రోజుల్లో మీ బోర్డు మీద మా పేరు కనిపించకూడదు అని దాని సారాంశం. మాస్టారు కళ్ళజోడు తీసేశారు. ఇంకొకళ్ళ పేరు తగిలించుకున్నవాడికి బడి పుస్తకం ఇవ్వనన్నారు. వాళ్ళచేత అభ్యంతరం లేదని బుధవారంలోగా కాగితం రాయించుకొస్తే చూద్దామని వెళ్ళిపోయారు.

ముగ్గురూ ఉత్తరం ముందేసుకుని కూర్చున్నారు. కనిపించకూడదన్నారు గాని ఉండకూడదనలేదుగా అంది పల్లాలమ్మ. అంతే, ఆవిడ పెళ్ళినాటి పట్టుచీర బోర్డుకి కట్టేశారు. చీర కింద ఏముందో అని దారిన పోయేవాళ్ళంతా ఆగారు. కన్నబ్బాయి కుర్చీ వేసుకుని కూర్చుని, అడిగినవాళ్ళకల్లా గిజిగాడు, గిజిగాడు అని సాయంత్రందాకా చెప్పాడు. వినిపించకూడదని ఉత్తరంలో లేదు మరి.

తాతబ్బాయి మాత్రం సంఘానికి ఫోన్ చేసి, పని పూర్తయింది, కాగితం పంపండన్నాడు. అవతల మాట్లాడింది మాధురి అనే ఆవిడ. చీర సంగతి విని, నెమ్మదిగా మొదటినుంచీ చెప్పింది. గిజిగాడుతో పని చేస్తామని నిజం చెప్పుకుంటే తప్పులేదు, కాని మీరూ మేమూ వేరని చూసినవాళ్ళకి స్పష్టంగా తెలియాలి అంది.

ఇంకేముంది, మర్నాటికి కొత్త బోర్డు: గిజిగాడు కాని ప్రింటర్స్ ప్రైవేట్ లిమిటెడ్. స్పష్టంగా తెలియాలన్నారని 'కాని' అన్న మాట మిగతా అక్షరాలకి రెండింతలు వేశారు. బోర్డు ఒక్కటే చాలదేమోనని కన్నబ్బాయి ఆ రోజు అచ్చవ్వాల్సిన పెళ్ళికార్డుల అడుగున ఒక వాక్యం చేర్చాడు: "ఈ పెళ్ళికీ గిజిగాడికీ ఎలాంటి సంబంధమూ లేదు."

కార్డులు మగపెళ్ళివారికి చేరాయి. ఎవరీ గిజిగాడు, ఏ సంబంధమూ లేకపోతే పనిగట్టుకుని ఎందుకు చెబుతున్నారని వాళ్ళ పెద్దలు రెండు కార్లలో కొట్టు ముందు దిగబడ్డారు. వాళ్ళ వెనకే వచ్చిన పెళ్ళికూతురు తండ్రి గుండె పట్టుకున్నాడు. పల్లాలమ్మ ఎదురెళ్ళి, కంగారుపడకండి, వాడు మాకు తప్ప ఈ ఊళ్ళో ఎవరికీ తెలీదని సర్దిచెప్పబోయింది. దాంతో గొడవ ఇంకో గంట పెరిగింది. చివరికి కంప్యూటర్ తెరిచి పిట్టబొమ్మ చూపిస్తే తప్ప కార్లు కదల్లేదు.

మంగళవారం పొద్దున్న తాతబ్బాయి మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి గొంతులో ఏడుపు దాగలేదు. రేపటికి కాగితం రాకపోతే బడి పుస్తకం చెయ్యి జారిపోతుందమ్మా, మీరేం చెబితే అది అక్షరాలా చేస్తానన్నాడు. అతను అక్షరాలా చెయ్యడమే అసలు బెడదని మాధురికి అప్పటికి తెలిసిపోయింది. అందుకని ఒక్కో మాటా విడగొట్టి చెప్పింది.

"బోర్డు దింపేయండి. మీ సొంత పేరు పెట్టుకోండి, తాతబ్బాయి ప్రింటర్స్ అని. ఒక్కటి గుర్తుంచుకోండి తాతబ్బాయి గారూ. ఎవరి పేరు వాళ్ళది. అడక్కుండా ఇంకొకళ్ళ పేరు అచ్చు వెయ్యకూడదు."

ఈసారి అన్నీ సవ్యంగా జరిగాయి. బోర్డు మారింది, ఫొటో వెళ్ళింది, కాగితం వచ్చింది. మాస్టారు దాన్ని రెండుసార్లు చదివి, పుస్తకం పని తాతబ్బాయికే ఇచ్చారు. ఇంటికొచ్చి తాతబ్బాయి గట్టిగా ఏడ్చేశాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని, మాధురి చెప్పిన మాటని పెద్దక్షరాలతో అచ్చేసి మెషిన్ ఎదురుగా గోడకి అంటించాడు. ముగ్గురూ పదిహేను రోజులు తలుపులు మూసుకుని పనిచేశారు. రాసినవి దిద్దినప్పుడల్లా గోడకేసి చూసేవారు.

డెబ్బై అయిదేళ్ళ పండుగ రోజున బడి ఆవరణ నిండిపోయింది. వెయ్యి పుస్తకాలు వేదిక మీద పేర్చారు. మాస్టారు మొదటి ప్రతి అందుకున్నారు. అట్ట మీద బడి ఫొటో ఉంది, బడి పేరు లేదు. లోపల బొమ్మలున్నాయి, వ్యాసాలున్నాయి, ఏది ఎవరు రాసిందో లేదు. ఆయన తన ఫొటో వెతుక్కుని కింద చదివారు: "ఈయన పేరు ఈయనది. కావలసినవారు ఈయన్నే అడగగలరు." మూడువందల ఫొటోల కిందా అదే మాట. ఆఖరి పేజీలో మాత్రం, ఈ పుస్తకానికీ ఈ బడికీ ఎలాంటి సంబంధమూ లేదని స్పష్టంగా ఉంది.

మాస్టారు మళ్ళీ మొదటి పేజీ నుంచి తిరగేయడం మొదలుపెట్టారు. తాతబ్బాయి చేతులు కట్టుకుని దగ్గరికెళ్ళాడు. ఆనందం పట్టలేక అతని మొహం వెలిగిపోతోంది.

"మూడువందల మందండి మాస్టారూ. ఒక్కళ్ళ పేరు కూడా ముట్టుకోలేదండి."