సీసా ఖాళీ అయ్యాక

వినీల్‌ను ఒక సందేహం పట్టుకుని వదలడం లేదు. కోడ్‌లో ఇన్ని అక్కర్లేని వరుసలు ఎవరు రాసి ఉంటారు? ఎందుకు రాసి ఉంటారు?

అతను చీరాలలో ఇమ్మానియేలు మాస్టారి దగ్గర పని నేర్చుకుంటున్నాడు. మాస్టారు రాసింది ఒక విండో మేనేజర్. కంప్యూటర్ తెర మీద తెరుచుకునే కిటికీల్లో ఏది ముందుండాలో, ఏది పక్కకు జరగాలో చూసుకునే ప్రోగ్రాం అది. పాత కంప్యూటర్ల మీద కూడా చురుగ్గా నడుస్తుందని ఎక్కడెక్కడి బడులవాళ్ళో కోడ్ తెచ్చుకుని, తమ దగ్గరే బిల్డ్ చేసుకుంటారు. అంటే, కోడ్‌ని నడిచే ప్రోగ్రాంగా కట్టుకుంటారు. ఎలా కట్టాలో చెప్పే ఫైలు మాత్రం ఏళ్ళ తరబడి పెరిగి అడవైపోయింది.

"దాన్ని బాగుచెయ్యి," అన్నారు మాస్టారు. "బాగైతే ఇక ఈ ప్రోగ్రాం నీదే. నాకు కళ్ళు లాగుతున్నాయి."

వినీల్ ఒళ్ళు దగ్గర పెట్టుకునే చేశాడు. ఒక వరుస తీసేయడం, బిల్డ్ చేయడం, నడిచిందో లేదో చూడడం. నడిస్తే ఇంకో వరుస. చిత్రం, ఏది తీసినా నడిచింది. చివరికి అడవి కాస్తా పెరటి మడంత అయింది.

ఆ ఉదయం లాప్‌టాప్ చంకన పెట్టుకుని వెళ్ళేసరికి మాస్టారు వరండాలో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుస్తూ, ఫోన్లో కూతురి మాట వింటున్నారు. నాగపూర్‌లో చదువుతున్న ఆ పిల్ల సొంతంగా వండుకుంటోందట. బయటి తిండి ముట్టడమే లేదట. వంట ఇంత తేలికని ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదట. గ్యాస్ కట్టేసే పడుకుంటున్నావా అని మాస్టారు అడిగిందే మళ్ళీ అడిగారు. ఆఖర్న, "మీ అమ్మ కట్టిచ్చిన పచ్చడి సీసా ఖాళీ అయ్యాక ఫోన్ చెయ్యమ్మా. అప్పుడు చెబుదువుగాని," అని పెట్టేశారు.

వినీల్‌కి నవ్వొచ్చింది. పాపం పిల్ల, అనుకున్నాడు.

లాప్‌టాప్ తెరిచి చూపించాడు. మనసులో ఉన్న సందేహమూ అడిగేశాడు. "ఆ పనికిరాని వరుసలన్నీ ఎవరు రాశారు మాస్టారూ?"

"నేనే," అన్నారు ఆయన, గింజ నోట్లో వేసుకుంటూ.

వినీల్ నాలుక కరుచుకున్నాడు. మాస్టారికి కోపమేమీ వచ్చినట్టు లేదు. చిన్నదైన ఫైలును నిదానంగా చదివి, ముచ్చటగా ఉందన్నారు. తువ్వాలుకి చేతులు తుడుచుకుని, చేత్తో రాసిన కోడ్ ఒక్కటే ఉంచి, ఇన్నాళ్ళూ కట్టగా కట్టగా పేరుకున్నదంతా చెరిపేశారు.

"ఇప్పుడు కట్టు."

వినీల్ బెంగ లేకుండా మీట నొక్కాడు. పని కాస్త సాగి ఆగిపోయింది. మీటల పట్టిక కనబడలేదంది.

ఏ మీట నొక్కితే ఏ కిటికీ కదలాలో ఉండే పట్టిక అది. చేత్తో రాసింది కాదు, కట్టే సమయంలో తయారయ్యేది. దాన్ని తయారు చెయ్యమని చెప్పే వరుస, అతను అన్నిటికన్నా ముందు పీకేసిన వరుసల్లో ఒకటి. వరుస పోయినా, అది ఎప్పుడో తయారుచేసిన పట్టిక ఇందాక మాస్టారు చెరిపేదాకా అలాగే పడి ఉంది.

"నిన్నటిదాకా నడిచింది మాస్టారూ."

"దేనితో?"

ఆ పాత పట్టికతోనే అని వినీల్‌కి తెలిసొచ్చింది. ఎక్కడో ఒక బడిలో, అడగడానికి పక్కన ఎవరూ లేని ఒక టీచరు, కోడ్ ఒక్కటే తెచ్చుకుని, ఇదే తెర ముందు చేతులు కట్టుకుని కూర్చోవడం కళ్ళకు కట్టింది.

ఆ వరుస తిరిగి పెట్టాడు. కట్టాడు. నడిచింది. మాస్టారు అతని వంక చూశారు.

"సీసా ఖాళీ అయిందా?"

వినీల్ తెర వైపు చూశాడు. కట్టినదంతా ఈసారి తన చేత్తోనే చెరిపేశాడు.

"ఇంకా అడుగున ఉన్నట్టుందండి. మళ్ళీ చూస్తాను."

మాస్టారు కాయల గిన్నె అతని వైపు జరిపారు. "ఇక నువ్వే చూసుకో నాయనా," అని లేచి లోపలికి వెళ్ళారు.