మండెలో చెయ్యి

పైడితల్లి అంగన్‌వాడీలో ఆయా. పదో తరగతి పాసైతే టీచరు పోస్టుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. సైన్సులో ఇప్పటికే రెండుసార్లు తప్పింది. ఇంకోసారి తప్పితే ఆ పోస్టు వేరొకరికి పోతుంది.

ఆమెకు పాఠం చెప్పేది రిటైరైన సన్యాసిరావు మాస్టారు. వారం వారం పరీక్ష పెడతారు. వారం వారం ఒకే తప్పు. మొక్కలు ఎప్పుడు శ్వాసిస్తాయని అడిగితే, పగలు ఆహారం తయారు చేసుకుంటాయి, రాత్రి శ్వాసిస్తాయి అని రాస్తుంది. రాత్రీ పగలూ శ్వాసిస్తాయన్న సరైన జవాబు ముప్పైసార్లు రాసి చూసుకుంది. పొద్దున్న అప్పజెప్పేస్తుంది. కాగితం ముందు కూర్చుంటే చెయ్యి మళ్ళీ రాత్రి అనే రాస్తుంది.

ఆ రోజు కూడా ఎర్ర గీతతో కాగితం తిరిగొచ్చింది. ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. బుర్రలో ఏదీ నిలవడం లేదని, ఇప్పుడే ఇలాగుంటే రేపు అయినవాళ్ళ పేర్లు కూడా మరిచిపోతానేమోనని భయంగా ఉందని చెప్పుకుంది. ఆ మీదట కాస్త కోపంగానే అడిగింది.

"అయినా మొక్కకు ముక్కేది మాస్టారూ?"

"వానపాముకు మాత్రం ఉందా?"

ఆయన పాఠం మొదలుపెట్టలేదు. లేచి, రమ్మని పెరటి కొట్టుగదిలోకి నడిచారు.

చల్లటి నేల మీద రెండు గోనెసంచులున్నాయి. ఒకదాన్లో పొడి వడ్లు. రెండోది మండె. నారుమడికని నానబెట్టిన వడ్లు మూటగట్టి, గడ్డి కప్పి నిన్నటి నుంచీ మొలకకు ఉంచారు. ఆమె ఏటా చూసేదే. చెయ్యి పెట్టింది మాత్రం ఎన్నడూ లేదు.

చెరో సంచిలో చెరో చెయ్యి పెట్టమన్నారు.

పొడి వడ్లు చల్లగా ఉన్నాయి. మండెలో మణికట్టు దాకా దూర్చి, ఉలిక్కిపడి తీసేసింది. మళ్ళీ మెల్లగా పెట్టింది. జ్వరమొచ్చిన పసిబిడ్డ చంకలో పెట్టినట్టుంది. వేళ్ళ సందుల్లో సన్నటి మొలకలు కదిలాయి.

"వేడినీళ్ళు పోశారా?" అంది గొంతు తగ్గించి.

"బావి నీళ్ళే. మొన్న పోశాను."

"మరి ఈ వేడి?"

"నీ ఒళ్ళెందుకు వెచ్చగా ఉందమ్మా?"

ఆమె మండె మీదికి వంగింది. తన ఊపిరి తనకే వినబడుతోంది.

"ఇప్పుడు వేళెంతయింది?" అని అడిగారు మాస్టారు.

ఆమె గుమ్మం వైపు చూసింది. బయట పెరడంతా ఎండ.

"పగలే," అంది నోట్లో నోట్లో.

చెయ్యి మాత్రం తియ్యలేదు.