పచ్చటాకుల గోడ

నల్లగుట్టల అడవిని ఏనుగురాజు పాలించేవాడు. అక్కడ జింకలు, కుందేళ్లు, ముంగిసలతో పాటు అందరికంటే నిదానమైన ఒక తాబేలు కూడా ఉండేది.

ఎవరికి ఇబ్బంది వచ్చినా అధికారి నెమలికి అర్జీ పెట్టుకోవాలి. అర్జీ రాగానే నెమలి తన కచేరీ గోడకు ఎండుటాకు గుచ్చాలి. పని అయ్యాక దాన్ని తీసి పచ్చటాకు గుచ్చాలి. ఇది రాజుగారి కొత్త ఏర్పాటు.

నెమలికి ఎండుటాకులంటే చిరాకు. బయటికి వెళితే తోకకు మట్టి అంటుతుందని భయం. అందుకని అర్జీ వచ్చిన పూటే పచ్చటాకు గుచ్చేసేది. గోడ నిగనిగలాడేది. రాజుగారు చూసి మురిసిపోయేవారు.

వానాకాలం వచ్చింది. ఒకరోజు ముంగిస పరుగున వచ్చింది.

"అయ్యా, చెరువు గట్టు కారుతోంది. కిందే నా బొరియ. లోపల ముగ్గురు పసివాళ్లు!"

"అయిపోయిందమ్మా. అదిగో నీ పచ్చటాకు!" అంది నెమలి.

"ఎవరూ రాలేదు కదయ్యా?"

"రాకుండానే చేశాం. అదే మా గొప్ప!"

రెండు రోజులు చూసి ముంగిస మళ్లీ వచ్చింది.

"మళ్లీ నువ్వేనా? ఒకే పని ఎన్నిసార్లు చేయించుకుంటావు?" అని నెమలి విసుక్కుంది.

పక్కనే ఉన్న తాబేలు ఈ మాటలు విన్నది. వెంటనే గట్టు వైపు నడక మొదలుపెట్టింది.

మర్నాడు ముంగిస నేరుగా రాజుగారి కాళ్ల మీద పడింది. ఆమె నోరు తెరిచేలోపే దూరంగా గట్టు తెగిన చప్పుడు వినిపించింది.

అందరూ పరుగెత్తారు. బొరియ ఉన్న చోట ఎర్రటి నీళ్లు సుడులు తిరుగుతున్నాయి. ముంగిస నీళ్లలోకి దూకబోయింది.

అంతలో నీళ్ల మీద తాబేలు డిప్ప తేలుతూ వచ్చింది. దాని మీద ముగ్గురు పిల్లలు ఒకరినొకరు కరుచుకుని వణుకుతున్నారు.

"నువ్వెలా చేరావు?" అన్నాడు రాజు.

"నా నడక సంగతి నాకు తెలుసు మహారాజా. అందుకే నిన్ననే బయలుదేరాను."

రాజు నెమలి వైపు తిరిగాడు. "గట్టు ఎప్పుడైనా చూశావా?"

"లేదు మహారాజా," అంటూ నెమలి తోక ముడుచుకుంది.

ఆనాటి నుంచి అర్జీలు తాబేలు చూడసాగింది. గట్టుకు మట్టి మోసే పని నెమలికి పడింది. తోక బురదలో ఈడుస్తూ అది మొదటిసారి గట్టెక్కింది. పైనుంచి అడవంతా కనిపించింది. ముంగిస ఇల్లు ఉండాల్సిన చోట మాత్రం నీళ్లే కనిపించాయి.

నీతి: అయిందని చెప్పినంత మాత్రాన పని అయిపోదు. కష్టం చెప్పుకున్నవారి గడప దాకా వెళ్లి చూసినప్పుడే అది తీరుతుంది.